మడుగులంక గట్టు మీద దాగలి

రెండో శనివారం పొద్దున ఇమ్మానుయేలు పెట్టుకున్న పని ఒక్కటే. మడుగులంక వెళ్లాలి. అక్కడ చేపల చెరువు గట్టు మీద ఉన్న ఇనప దిమ్మను చూడాలి. అది కమ్మరి ఇనుము కొట్టే దాగలి అవునో కాదో తేల్చుకోవాలి. అవునైతే బేరం చేసి అన్నం వేళకు ఏలూరు తెచ్చేయాలి. ఇందులో పొరపాటుకు చోటెక్కడా లేదనుకున్నాడు.

కబురు తెచ్చింది సుకుమార్. అతనికి ట్రాలీ ఆటో ఉంది. ఏలూరు నుంచి కొల్లేటి చెరువులకు మేత బస్తాలు తోలుతాడు. మొన్న బస్తాలు దింపి, గట్టు మీద ఒక ఇనప దిమ్మ ఎక్కి కూర్చుని టీ తాగాడు. దానికి ఒక కొసన ముక్కులాంటిది ఉంది. రెండో కొసన చదరపు కన్నం ఉంది. కన్నంలో టీ గ్లాసు నిలబెడదామని చూస్తే పట్టలేదు. ఈ సంగతి అతను ఇమ్మానుయేలు ఇంటి ముందు ఆటో ఆపి, వేరే కబుర్ల మధ్య చెప్పాడు.

"కన్నం ఎంతుంటుందిరా?" అన్నాడు ఇమ్మానుయేలు, తింటున్న కంచం ముందునుంచి లేచి వచ్చి.

"నేనెందుకు కొలుస్తానండి మాస్టారూ? టీ తాగడానికి ఎక్కాను గాని."

ఇమ్మానుయేలు కమ్మరి. తాడేపల్లిగూడెంలో రైసు మిల్లుల సామాను చేసే వర్కుషాపులో కొలిమి ఆయనది. కుర్రతనంలో చేరి అక్కడే తల నెరిశాడు. ఒక ఏడాది కంటి ఆపరేషనుకు కొన్నాళ్లు సెలవు పెట్టాడు. కట్టు విప్పించుకుని వెళ్లేసరికి యజమాని కొలిమి పడగొట్టించి, ఆ చోట వెల్డింగు మిషను పెట్టించాడు. దాగలి పాత ఇనుములో పోయింది. అది కూర్చున్న మొద్దును కూడా పెకలించారు. నేల మీద గుంట మిగిలింది. ఆ రోజు ఆయన క్యారేజీ తెచ్చుకుని గుంట పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. రిటైరయ్యేదాకా వెల్డింగు చేశాడు. ఆ పనిలో చప్పుడు ఉండేది గాని జవాబు ఉండేది కాదు.

దిమ్మ దెబ్బను తాగుతుంది, దాగలి దెబ్బను తిరిగి ఇస్తుంది అని ఆయన అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. తిరిగి ఇచ్చిన దెబ్బ సుత్తిని సగం దూరం లేపుతుంది. మిగతా సగమే మనిషి లేపాలి. చెడ్డ దాగలి మీద పని చేస్తే ఆ సగం కూడా భుజమే మోయాలి. ఆయన కుడి భుజానికి ఇప్పుడు ఆ ఓపిక లేదు. డాక్టరు భుజం ఫొటోను వెలుతురుకు పెట్టి చూసి, ఇంకెన్నాళ్లు సుత్తి పట్టగలరో తాను చెప్పలేనన్నాడు. ఉన్నన్నాళ్లూ పట్టాలని ఇమ్మానుయేలు పెరట్లో కొలిమి కట్టుకున్నాడు. తిత్తి బదులు ఫ్యాను బిగించాడు. తుమ్మ మొద్దు పాతాడు. మొద్దు మీద పెట్టడానికి దాగలి లేదు. పుష్పలత దాని మీద అంట్ల బుట్ట పెట్టేది. ఆయన తీసి కింద పెట్టేవాడు. ఈ పని రోజూ జరిగేది. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకునేవారు కాదు.

వెతకని చోటు లేదు. ఏలూరు పాత ఇనుము కొట్లో ఒకటి చూశాడు. సుత్తి వేస్తే కుండ మీద వేసినట్టు పలికింది. పోత ఇనుము. రాజమండ్రిలో ఒకటి చూశాడు. పలుకు ఫరవాలేదు గాని దెబ్బ పడే ముఖం మీద వెల్డింగు కుట్లు కనిపించాయి. అరిగిన చోటు పూడ్చి, సాన పట్టి, రంగు వేశారు. జంగారెడ్డిగూడెం నుంచి ఒకాయన ఫోను చేసి తన దగ్గర దాగలి ఉందన్నాడు. బస్సెక్కి వెళితే రైలు పట్టా ముక్క చూపించాడు.

"ఆ చొక్కాతో వెళ్తారా?" అంది పుష్పలత ఆ శనివారం పొద్దున.

"వెళ్లేది దాగలి కోసమే. పెళ్లికి కాదు."

"నన్ను చూడ్డానికి ఒక్కసారే వచ్చారు. దానికోసం ఎన్ని ఊళ్లు తిరిగారండీ? అంత కావలసినదాని దగ్గరికి జేబు చిరిగిన చొక్కాతోనా? గట్టు ఎక్కనిస్తారా మిమ్మల్ని?"

జేబు చిరిగిన చొక్కా ఆయన కావాలనే వేసుకున్నాడు. కొనేవాడు ఉన్నవాడిలా కనిపించకూడదని ఆయన లెక్క. లెక్క చెప్పేలోగా ఆమె బీరువాలోంచి ఆదివారం గుడికి వేసుకునే తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు తీసి మంచం మీద పెట్టింది. బూట్లు తుడిచి గుమ్మంలో పెట్టింది. ప్రసంగంలో వాక్యాలు రాసుకునే పెన్ను ఆ చొక్కా జేబులోనే ఉంది. ఆయన దాన్ని తీయలేదు. సంచిలో చిన్న సుత్తి, ఉక్కు స్కేలు, బేరింగు గుండు, సుద్దముక్క, అన్నం క్యారేజీ పెట్టుకుని ఆటో ఎక్కాడు.

దారిలో సుకుమార్‌కు బేరం సూత్రాలు చెప్పాడు.

"దాగలి అనే మాట నోట్లోంచి రాకూడదు. మనకి అది కావాలని తెలిసిందా, వాడు ఇవ్వడు. లేదా కొండెక్కి కూర్చుంటాడు. ఊరికే వచ్చాం, ఊరికే చూశాం. అంతే."

"ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారండి?"

"చెప్పకూడదన్నారని చెప్పు."

"ఆయ్," అన్నాడు సుకుమార్.

మడుగులంకలో చెరువు గట్టుకు ఒక పక్క ఏలూరులో మేత కొట్టు నడిపే జనార్దనరావు చేపల చెరువు. రెండో పక్క కాలవ. కాలవ దాటితే కొల్లేరు, చేపల వేటగాళ్ల ఇళ్లు. చెరువు నా పొలంలో తవ్వాను అంటాడు జనార్దనరావు. కొల్లేటిలో తవ్వాడు అంటారు వేటగాళ్లు. కొల్లేరు ఎక్కడిదాకా అన్నది ఆ ఊళ్లో తేలని ప్రశ్న.

దిమ్మ తూము పక్కన ఉంది. చేపలు కాలవలోకి పోకుండా తూముకు అడ్డంగా కట్టిన వల తాడు దాని నడుముకు చుట్టి ఉంది. ఇమ్మానుయేలు దాన్ని చూసి, కొంతసేపు నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు. మొహంలో ఆత్రం కనపడనివ్వకూడదన్నది కూడా సూత్రాల్లో ఒకటి.

తర్వాత పని మొదలుపెట్టాడు. చుట్టూ తిరిగి చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని రుమాలుతో బురద తుడిచాడు. ముఖం మీద స్కేలు నిలువు అంచున పెట్టి, ఒక కన్ను మూసి, స్కేలు కింద వెలుతురు దూరుతున్నదేమో చూశాడు. దూరిన చోట సుద్దతో గీత గీశాడు. స్కేలును అడ్డంగా తిప్పి మళ్లీ చూశాడు. ఒక గీత చెరువు మధ్యకు పోతున్నట్టుంది, ఇంకొకటి వేటగాళ్ల ఇళ్ల వైపు పోతున్నట్టుంది. బేరింగు గుండును పైనుంచి వదిలాడు. అది లేచి దాదాపు ఆయన చేతి దగ్గరికి వచ్చింది. పట్టుకున్నాడు. మళ్లీ వదిలాడు. మళ్లీ వచ్చింది.

చివరికి సుత్తి తీసి వేశాడు.

ఆ మోత కాలవ దాటింది. కొంగలు లేచాయి. మేత చల్లుతున్న పనివాళ్లు పడవ ఆపారు. కాలవ అవతల వల బాగుచేసుకుంటున్న ఏడుకొండలు తలెత్తి చూశాడు. వేటగాళ్ల పెద్ద అతనే. మోత ఆగిపోయాక కూడా ఇమ్మానుయేలు సుత్తి పట్టుకుని వింటూ ఉన్నాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం గట్టు కింద ఉన్నవాళ్లకు కనిపించలేదు. తెల్ల చొక్కా, బూట్లు, జేబులో పెన్ను, స్కేలు, సుద్దగీతలు కనిపించాయి. పడవలో ఒకడు ఫోను తీశాడు.

"బాబుగారూ, గట్టు మీదకి సర్వేవాళ్లు వచ్చారండి. గీతలు కూడా గీసేశారండి."

జనార్దనరావు రెండు కొబ్బరి బొండాలు పట్టుకుని కారు దిగాడు.

"నమస్కారమండి. చెరువు మాదేనండి. తమరు..."

"ఊరికే ఇలా వచ్చామండి. గాలికి," అన్నాడు ఇమ్మానుయేలు.

జనార్దనరావు సుత్తి వైపు చూశాడు. గాలికి వచ్చేవాళ్లు సుత్తి తెచ్చుకోరు. పక్కకు వెళ్లి సుకుమార్‌ను అడిగాడు.

"సారుది ఏ ఆఫీసు బాబూ?"

"చెప్పకూడదన్నారండి."

"జిల్లానా? పైనుంచా?"

"అసలేమీ చెప్పకూడదన్నారండి."

ఆ గట్టుకు వచ్చే ఆఫీసర్లు ఇంతవరకూ ఒకే రకం. ఫలానా ఆఫీసు అని చెప్పి, బొండాం తాగి, బొచ్చె చేప సంచిలో వేయించుకుని పోయేవారు. ఏ ఆఫీసో చెప్పని రకం కూడా ఉంటుందని జనార్దనరావు విన్నాడు, చూడలేదు. బొండాం కొట్టించి ఇచ్చాడు. వద్దన్నాడు ఇమ్మానుయేలు. బొండాం తాగినవాడు బేరంలో గట్టిగా మాట్లాడలేడు. రెండు బొచ్చెలు ఆటోలో వేయిస్తానన్నాడు. "అలాంటివి మేం తీసుకోమండి," అన్నాడు ఇమ్మానుయేలు. జనార్దనరావుకు నాలుక పిడచకట్టింది. ఆ బొండాం తానే తాగాడు.

"ఇది ఇక్కడ ఎప్పట్నుంచి ఉందండి?" అన్నాడు ఇమ్మానుయేలు, దిమ్మ వైపు చూడకుండా, బూటు కొసతో తాకి.

"పొలంతోపాటు వచ్చిందండి. పాతకాలంలో పడవల మేకులు కొట్టేవారట. నేను కొన్నాక అంగుళం కదిలించలేదండి. దేవుడి మీద ప్రమాణం."

ఇమ్మానుయేలు ఆటో ట్రాలీ ఎత్తు ఎంతో మనసులో చూసుకున్నాడు. "కదపడానికి వీలవుతుందంటారా?"

జనార్దనరావుకు అది హద్దు గుర్తు జరుపుకోమన్నట్టు వినిపించింది. సూచన ఇంత తేటగా వస్తుందని అతను అనుకోలేదు.

"వీలవుతుందండి. తమరు చూడకుండా ఉంటే..."

"నాదేముందండి. నేను చూసినా చూడకపోయినా ఒకటే," అన్నాడు ఇమ్మానుయేలు. నచ్చిన సరుకు దగ్గర్నుంచి ఒకసారి లేచి వెళ్లిపోవాలన్నది ఆఖరి సూత్రం. "మేం అలా ఊళ్లోకి వెళ్లి అన్నం తిని వస్తాం."

"నిదానంగా తినండి," అన్నాడు జనార్దనరావు. "మజ్జిగ పంపిస్తాను. అది కూడా తీసుకోరా అండి? సరే, నిదానంగా తినండి."

టీ కొట్టు బల్ల మీద ఇమ్మానుయేలు క్యారేజీ విప్పాడు గాని ముద్ద దిగలేదు.

"ముఖం ఉక్కురా. వెనక అంచు కాస్త చితికింది, అంతే. ఆ గుండు ఎలా వచ్చిందో చూశావా?"

"చూశానండి. మీరే దాన్ని వదలలేదు," అన్నాడు సుకుమార్. "కొనేసి తినొచ్చు కదండి మాస్టారూ."

"ఆత్రం చూపించకూడదు."

"మీరు అన్నంలో నీళ్లు కలుపుకున్నారండి. మజ్జిగనుకున్నారు."

వాళ్లు తిరిగి వచ్చేసరికి దాగలి లేదు. అది ఉన్న చోట మట్టిలో చదరంగా గుంట ఉంది. ఇమ్మానుయేలు ఆ గుంటను చూసి గూడెం వర్కుషాపులో నిలబడినట్టే నిలబడ్డాడు. అప్పుడు ఆయన అరవలేదు. ఇప్పుడు అరిచాడు.

"ఇక్కడున్నది ఏమైంది? ఎవరు తీశారు? ఎక్కడున్నదాన్ని అక్కడ పెట్టండి! ఇప్పుడే పెట్టండి!"

గొంతు కాలవ అవతలికి వినిపించింది. అవతల ఏడుకొండలు పొద్దుటినుంచి అంతా చూస్తూనే ఉన్నాడు. దిమ్మను నలుగురు మనుషులు మోసుకెళ్లి, గట్టు దిగువన, కాలవ నీళ్ల అంచున పెట్టడం చూశాడు. హద్దు గుర్తు కొల్లేటి వైపు జరిగితే చెరువు పొడినేలలో పడుతుందని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆఫీసరు కేకలు వినగానే పడవలు కదిలాయి.

"బాబుగారూ, మేం సూశామండి!" అంటూ ఏడుకొండలు గట్టెక్కాడు. "తవరు అటెల్లగానే మోయించేశారండి. ఇన్నాళ్లకి న్యాయం మాట్లాడే ఆఫీసరు వచ్చారండి. మీరు పక్కన నిలబడండి. మేం పెడతాం."

పెట్టారు. గుంటలో కాదు. మోస్తున్న ఊపులో గుంట దాటి, గట్టు దాటి, చెరువు అవతలి ఒడ్డుకు బయలుదేరారు. అక్కడిదాకా కొల్లేరే అన్నది వాళ్ల మాట. జనార్దనరావు మనుషులు అడ్డుపడి ఇటు లాగారు. వాళ్లు అటు లాగారు. ఇమ్మానుయేలు దాగలి పక్కనే నడుస్తూ అటు వెళితే అటు, ఇటు వస్తే ఇటు వచ్చాడు.

"ముక్కు! ముక్కు జాగ్రత్త! పడేయకండి, అంచు పోతుంది! అటు ఒకడు తక్కువయ్యాడు, ఇంకొకళ్లు పట్టండి!"

"సూశారా," అన్నాడు ఏడుకొండలు. "ఎవరి పక్షమూ లేదు."

తూము సంగతి ఎవరికీ గుర్తు లేదు. దాగలిని కదిపినప్పుడు జనార్దనరావు మనుషులు వల తాడును తుమ్మకొమ్మకు కట్టారు. తోపులాటలో ఎవరో ఆ కొమ్మ పట్టుకుని గట్టెక్కారు. కొమ్మ విరిగింది. వల పడిపోయింది. బొచ్చెలు ఒకదాని వెనక ఒకటి తూములోంచి కాలవలోకి, కాలవలోంచి కొల్లేటిలోకి పోవడం మొదలుపెట్టాయి. ముందు చూసింది సుకుమార్.

"చేపలు పోతున్నాయండి!"

జనార్దనరావు దాగలిని వదిలి తూములో దిగాడు. కాలవ అవతల ఆడవాళ్లు వలలు, బుట్టలు, ఒకామె చీర కొంగు పట్టారు. "మా కొల్లేటి చేప మా కొల్లేటికి వచ్చింది," అందొకామె. జనార్దనరావు మెడలోతు నీళ్లలో నిలబడి దండం పెట్టాడు.

అప్పుడు ఇమ్మానుయేలు సూత్రాలన్నీ వదిలేశాడు.

"అయ్యా, నేను ఆఫీసరును కాను. కమ్మరిని. గూడెం వర్కుషాపులో చేశాను. ఇది దాగలి. దీనిమీద ఇనుము కొడతారు. నేను దీన్ని కొనుక్కుందామని వచ్చాను. అంతే."

ఏడుకొండలు దాగలి దింపించి, చేతులు కట్టుకుని నవ్వాడు.

"ఎంత మంచోరండి బాబుగారు. రెండేపులా మాట పడకుండా కమ్మరినంటన్నారు. ఈ బూట్లతో కొలిమి ఊదుతారా అండి?"

"మా ఆవిడ వేసుకోమంది."

"వేసుకోమనే ఉంటారండి. ఆఫీసరు గారి భార్య కదా."

జనార్దనరావు తడిబట్టలతో ఇమ్మానుయేలును పక్కకు పిలిచాడు. "ఇక దాపరికం వద్దండి. చేపలు ఎలాగూ పోయాయి. చెరువైనా మిగలనివ్వండి. తమరికి ఏం కావాలో చెప్పండి."

"ఆ ఇనుము ఇచ్చేయండి. ఇంకేమీ వద్దు. ధర మీరే చెప్పండి, బేరం కూడా ఆడను."

జనార్దనరావు ఆయన మొహంలోకి చూశాడు. గుర్తే ఆటో ఎక్కి వెళ్లిపోతే సర్వే ఎక్కడినుంచి మొదలుపెడతారు? ఇంత తేలికైన ఉపాయం తనకు తట్టలేదు.

"ధరా? తమరి దగ్గరా? ఒరేయ్, సారు గారి ఆటోలో ఎక్కించండ్రా!"

కాసేపు ఇమ్మానుయేలు జీవితంలో అన్నీ సవ్యంగా ఉన్నాయి. సుకుమార్ ట్రాలీ తలుపు దించాడు. దాగలి జారకుండా గోనెపట్టా మడిచి వేశాడు. నలుగురు మనుషులు దాన్ని ట్రాలీ అంచుదాకా ఎత్తారు. ఆ అంచు మీద ఇమ్మానుయేలు తన చెయ్యి పెట్టి, రాసుకోకుండా చూసుకున్నాడు.

"గుర్తు ఎత్తుకుపోతన్నారు!" అని ఏడుకొండలు అరిచాడు. "ఆఫీసరు అమ్ముడైపోయాడు! ఆటోకి అడ్డం పడండి!"

ఆటో ముందు ఆడవాళ్లు కూర్చున్నారు. వెనక మగవాళ్లు నిలబడ్డారు. దాగలి మళ్లీ నేల మీదకు దిగింది. రెండు పక్షాలూ దాని చుట్టూ గొంతుకూర్చున్నాయి. ముట్టుకోనివ్వరు, ముట్టుకోరు. అప్పటికే ఎవరో మండలం సర్వేయరుకు ఫోను చేశారు. రెండో పక్షం వాళ్లు కూడా చేశారు.

సర్వేయరు భార్గవి స్కూటరు మీద వచ్చింది. సెలవు రోజు, తలంటు పోసుకున్న జుట్టు ఆరలేదు. తువ్వాలు చుట్టుకునే వచ్చింది. గుంపును చూసింది, దాగలిని చూసింది, తెల్ల చొక్కా వైపు నడిచింది.

"మీరేనాండీ పైనుంచి వచ్చిన ఆఫీసరు?"

"కాదమ్మా. కమ్మరిని. ఒట్టు."

"తెలుసులెండి," అంది. "రెండో శనివారం గట్టెక్కే ఆఫీసరు ఎవరుంటారు?"

ఆ రోజు ఆయన మాట నమ్మిన మొదటి మనిషి ఆమె. ఇమ్మానుయేలు కథ అంతా చెప్పాడు. గూడెం కొలిమి చెప్పాడు, భుజం చెప్పాడు, పెరట్లో మొద్దు కూడా చెప్పాడు. భార్గవి విన్నది. ఆయనను తూము దగ్గరికి తీసుకువెళ్లి గొంతు తగ్గించింది.

"ఈ గట్టు మీద నేను రాయి పాతిస్తే తెల్లారేసరికి ఉండదండి. కొన్ని వీళ్లు పీకుతారు, కొన్ని వాళ్లు పీకుతారు. ఒక రాయి మీద ఎవరో బట్టలు ఉతుక్కుంటున్నారు, అది కూడా చూశాను. ఇవాళ చూడండి. రెండు పక్షాలూ కలిసి ఒక గుర్తుకి కాపలా కాస్తున్నాయి. నా సర్వీసులో ఇది మొదటిసారి."

"అది గుర్తు కాదమ్మా."

"మీకూ నాకూ కాదు. మీరు ఆటోలో వేసుకుపోయారనుకోండి, చేపల లెక్క కోసం సాయంత్రానికి వీళ్లు తలలు పగలగొట్టుకుంటారు. నేనేమీ మిమ్మల్ని అబద్ధం చెప్పమనడం లేదండి. పొద్దున అది ఎక్కడ ఉందో చూపించండి. మీ మాట ఇద్దరూ వింటారు. చూపించను అంటే మీ ఇష్టం. అది మీకు ఇచ్చినదే, తీసుకెళ్లండి. ఆడవాళ్లను నేను లేపుతాను."

ఇమ్మానుయేలు ఆటో వైపు చూశాడు. గోనెపట్టా పరిచే ఉంది. దాగలి చుట్టూ ఉన్నవాళ్లను చూశాడు. ఏడుకొండలు బుట్టలోని చేపలను జనార్దనరావు చూస్తున్నాడు. ఏడుకొండలు బుట్ట మీద చెయ్యి పెట్టి జనార్దనరావును చూస్తున్నాడు. ఒకడి చేతిలో తెడ్డు ఉంది. అతను దానిని నేల మీద పెట్టడం లేదు.

ఆయన సంచి భుజానికి తగిలించుకున్నాడు. అది నొప్పి ఉన్న భుజమని తెలిసి, రెండో భుజానికి మార్చుకుని, గట్టు వెంట నడిచి గుంట దగ్గర ఆగాడు. బూటు గుంటలో పెట్టాడు.

"ఇక్కడ," అన్నాడు. "ముక్కు కాలవ వైపు."

ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. అక్కడ ఉంటే చెరువులో సగం కొల్లేటి కింద పోతుందని జనార్దనరావుకు తెలుసు. సగం మిగులుతుందని కూడా తెలుసు. ఏడుకొండలు కూడా అదే లెక్క అటునుంచి వేసుకున్నాడు. రెండు పక్షాల మనుషులూ కలిసి మోశారు. భార్గవి స్కూటరు డిక్కీలోంచి పరికరం తీసి కొలతలు తీసుకుంది. చెరువు షెడ్డులో సిమెంటు బస్తా ఉందని జనార్దనరావే చెప్పాడు. ఇసుక ఏడుకొండలు మనుషులు తెచ్చారు.

"అమ్మా," అన్నాడు ఇమ్మానుయేలు, సిమెంటు కలుపుతుండగా. "ఒక్కసారి కొట్టుకోనిస్తావా?"

ఆమె తల ఊపింది. ఆయన బూట్లు విప్పి పక్కన పెట్టాడు. చొక్కా చేతులు మడిచాడు. సంచిలోంచి సుత్తి తీసి ముఖం నడిమధ్య వేశాడు. దాగలి సుత్తిని పైకి పంపింది. చెయ్యి దానంతట అదే రెండోది వేసింది. మూడోది వేసింది. కొలిమిలో ఇనుము ఎర్రబారినప్పుడు వేసే వరసలోకి చెయ్యి వెళ్లిపోయింది. ముఖం మీద ఇనుము లేదు. ఉన్నట్టే తిప్పుతూ, ఉన్నట్టే సాగదీస్తూ కొట్టాడు. సిమెంటు కలిపేవాళ్లు పార ఆపారు. కాలవ అవతల ఆడవాళ్లు బుట్టలు దించారు. భుజం ఆయనకు అడ్డు రాలేదు. సుత్తి ఆగాక మోత నీళ్ల మీద కొంతదూరం పోయింది.

"కమ్మరేనండి," అన్నాడు ఏడుకొండలు మెల్లగా.

"మరి మనం?" అన్నాడు జనార్దనరావు.

"ఏం మాట్లాడకండి," అంది భార్గవి. "సిమెంటు వేయండి."

నడుముదాకా సిమెంటు పోశారు. ముఖం, ముక్కు పైకి ఉన్నాయి. భార్గవి పసుపు రంగు వేయించింది. రంగు ముఖం మీద వేస్తుంటే ఇమ్మానుయేలు అటు తిరిగి బూట్లు వేసుకున్నాడు. జనార్దనరావు రెండు బొండాలు కొట్టించాడు. ఈసారి ఆయన తాగాడు. ఏడుకొండలు ఒక బొచ్చెను తామరాకులో చుట్టి ఆటోలో పెట్టాడు. అది ఎవరి చేపో ఆ క్షణంలో ఎవరూ అడగలేదు.

ఏలూరు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. పుష్పలత గేటు దగ్గర నిలబడి ఉంది. దించడానికి పక్కింటి కుర్రాళ్లను ముందే పిలిచి ఉంచింది. ట్రాలీలోకి తొంగి చూసింది. గోనెపట్టా, దాని మీద చేప.

"ఏదండీ?"

ఆయన గుమ్మం మెట్టు మీద కూర్చుని చెప్పాడు. ఆమె గేటుకు ఆనుకుని విన్నది. అయిపోయాక పక్కన కూర్చుంది.

"దొరకలేదని వచ్చిన ప్రతిసారీ అన్నం మానేసేవారు. ఇవాళ?"

"ఆకలేస్తోంది," అన్నాడు. "మంచిదే పుష్పా. ఇన్నాళ్లూ చూసినవాటిలో అలాంటిది లేదు. ఉందని తెలిసింది. అదొకటి." కాస్త ఆగి అన్నాడు. "ఆ అమ్మాయి మాట ఇచ్చింది. సర్వే పూర్తయ్యాక దానితో పని ఉండదట. సిమెంటు పగలగొట్టించి మనకే ఇప్పిస్తానంది."

"మరింకేం. ఎప్పటికి పూర్తవుతుందటండీ?"

"పూర్తవ్వగానే ఫోను చేస్తానంది," అన్నాడు ఇమ్మానుయేలు. ఫోను నంబరు రెండుసార్లు చదివి వినిపించి మరీ వచ్చాడు.

మడుగులంక గట్టు సర్వే మొదలైన ఏటికి ఇమ్మానుయేలు ఇంకా పుట్టలేదు.